కంచు సభలో పలకాల్సిన పేరు

కాంస్యపురం దక్షిణ ద్వారం ముందు ఆ మధ్యాహ్నం బారులు తీరిన జనంలో ఒక మౌనస్వామి ఉన్నాడు. ఒంటినిండా బూడిద, నడుముకు నారచీర, మెడలో ఎముకల దండ, బొడ్డు దాకా గడ్డం. ఆ గడ్డం మేకతోకలతో అల్లింది. గాలి తిరిగినప్పుడల్లా అది గుప్పుమంటుంటే, వెనకనున్న ముసలమ్మ తపస్సు వాసన కాబోలనుకుని కళ్లు మూసుకుని దండాలు పెడుతోంది. ఆ స్వామి మరెవరో కాదు, రాజుగారి శాలలో గుర్రాలకు మాలీసు చేసే మాచన.

కాంస్యపురం సంగతి ముందు చెప్పాలి. ఆ ఊళ్లో గోడలకు కంచు, గుమ్మాలకు కంచు, కోట బురుజులకు నిలువెత్తు కంచు రేకుల తాపడం. ఎండ పడితే ఆ వెలుగు ఆమడ దూరం కొడుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో కోళ్లు తెల్లవారిందో మధ్యాహ్నమైందో తెలియక రోజంతా కూస్తూనే ఉంటాయి. వీధిలో ఎవరైనా తుమ్మితే ఆ తుమ్మును గోడలు ఒకదానికొకటి అందించుకుంటూ సాయంత్రం దాకా ఊరంతా తిప్పుతాయి. నమ్మనివాళ్లు వెళ్లి తుమ్మి చూసుకోవచ్చు.

అలాంటి ఊళ్లో ఆ రోజు పట్టాభిషేకం. పొద్దుగూకేలోగా సభ నడుమ ఒక తెల్లగుర్రాన్ని నరికి, దాని నెత్తురుతో కొత్త రాజుకు తిలకం దిద్దుతారు. ఆ గుర్రం ఎవరో లోకంలో ఇద్దరికే తెలుసు. దాన్ని గుర్రంగా మార్చిన మాంత్రికుడు వక్రఘోణుడికి తెలుసు, మాచనకు తెలుసు. ఆ గుర్రమే అసలు యువరాజు ధవళకేతుడు. సింహాసనం ఎక్కబోతున్నది యువరాజు రూపం తొడుక్కున్న వక్రఘోణుడు.

రాజమాత పోల్చుకోలేనిది గుర్రాలవాడికి ఎలా తెలిసిందంటారా. యువరాజుకు నత్తి. మాచనకూ నత్తే. మాట గొంతులో ఇరుక్కున్నప్పుడు యువరాజుకు ఎడమకన్ను మూసుకుపోయేది, కుడి మడమ నేలను తన్నేది. మాచనకు దవడ ఎడమ భుజం వైపు గుంజేది, అరచెయ్యి తొడను చరిచేది. చిన్నప్పుడు తొడ చరిస్తే మాట ఊడిపడేది. పోను పోను మాట రావడం మానేసింది, చరచడం మాత్రం మిగిలిపోయింది. యువరాజు నాలుకకు ఆస్థాన వైద్యులు తేనెలో వసకొమ్ము అరగదీసి రాశారు. మాచనకు తేనె ఎవరిస్తారు. ఊరి వైద్యుడు గవ్వను నిప్పుల్లో కాల్చి నాలుక మీద పెట్టాడు. నత్తి పోలేదు, ఉప్పు రుచి పోయింది.

సభలో నవ్వులు భరించలేనప్పుడల్లా యువరాజు గుర్రాలశాలకు వచ్చి కూర్చునేవాడు. గుర్రాలతో మాట్లాడితే ఇద్దరికీ నత్తి వచ్చేది కాదు. ఇద్దరూ ఒక మాటనే కలిపి అన్నా వచ్చేది కాదు. ఆ రెండు సంగతులూ వాళ్లకు ఎవరూ చెప్పలేదు, గడ్డి మోపుల మీద కూర్చుని వాళ్లే కనిపెట్టుకున్నారు.

ఒకనాడు శాలలోకి ఎక్కణ్ణుంచో ఒక తెల్లగుర్రం వచ్చింది. సకిలించబోయి ఎడమకన్ను మూసింది. కుడి వెనకకాలి గిట్ట నేలను తన్నింది. తర్వాత ఎంతోసేపటికి సకిలింపు వచ్చింది. సకిలించడానికి అంత అవస్థపడే గుర్రం భూమ్మీద లేదు. మాచన చేతిలోని దాణా బుట్ట జారిపోయింది. పరుగున వెళ్లి సభ గుమ్మంలోంచి తొంగిచూస్తే, సింహాసనం పక్కన నిలబడ్డ యువరాజు నత్తిగా ఏదో ఆజ్ఞ ఇస్తున్నాడు. మాట బయటికి వచ్చేశాక కన్ను మూస్తున్నాడు. నత్తివాడు కన్ను మూసేది కాలవ దూకేముందు వెనక్కి అడుగు వేసినట్టు. అవతలి గట్టుకు చేరాక వెనక్కి అడుగేసేవాణ్ణి ఎవరైనా చూశారా.

వక్రఘోణుడూ వెర్రివాడు కాడు. తన నత్తి దొంగనత్తి అని పట్టగలిగేవాడు మరో నత్తివాడేనని వాడికి తెలుసు. అందుకే దండోరా వేయించాడు. నత్తి రాజలక్షణమట, రాజుకు తప్ప రాజ్యంలో మరొకడికి ఉండరాదట. ఆ దండోరా ముగిసేలోగా మాచన గోడ దూకాడు. ఈ రోజు గడ్డం పెట్టుకుని తిరిగి వచ్చాడు, గుర్రం దగ్గరికి చేరి, కట్టు కోసి, దాని వీపెక్కి పారిపోదామని.

ద్వారం దగ్గర పరీక్ష ఉంది. లోపలికి వెళ్లే ప్రతివాడూ "కంచుకోట కలకాలం నిలుచుగాక" అనాలి. కావలి నాయకుడు గండమల్లు పక్కనే ఒక కుంపటి, దానిలో ఎర్రగా కాలుతున్న కంచు బిళ్లలు, బిళ్లలు తీయడానికి పట్టకారు.

మాచనకు ముందు గాజుల మలారం భుజాన వేసుకున్న మనిషి ఉన్నాడు. నోరు తెరిచాడు. పెదవులు వణికాయి, కనురెప్పలు టపటపలాడాయి, "క" దగ్గరే ఆగిపోయాడు. అప్పుడు మాచన చిన్నప్పట్నుంచి చేసే పనే అతడూ చేశాడు. రాని మాటను వదిలేసి వచ్చే మాటను వెతుక్కున్నాడు. "మన దుర్గం ఎల్లప్పుడూ నిలుచుగాక" అన్నాడు.

గండమల్లు మెచ్చుకోలుగా తల ఊపాడు. "బాగుందోయ్. మరి కంచు ఏది? మింగేశావా?"

బారులోని జనం నవ్వారు. తమ వంతు ఇంకా రానివాళ్లు మరీ గట్టిగా నవ్వారు. ఇద్దరు భటులు ఆ మనిషి దవడలు విడదీశారు. మలారం తెగి గాజులు రాళ్ల మీద పడి ముక్కలయ్యాయి. బిళ్ల నాలుకకు తగిలినప్పుడు అతడు వేసిన కేకలో ఒక్క తడబాటూ లేదు. పుట్టాక అతడు అంత ధారాళంగా పలకడం అదే మొదలు, అదే చివర. కంచుగోడలు ఆ కేకను ఊళ్లోకి మోసుకుపోయాయి.

"తమరూ అనండి, స్వామీ," అన్నాడు గండమల్లు.

ముసలమ్మ అడ్డం వచ్చి, స్వామిది మౌనవ్రతమని చెప్పింది. మౌనమో నత్తో ఇప్పుడే తేలుద్దామని గండమల్లు ఈటె మొనను మాచన పాదం మీద ఆనించి, వేళ్ల సందులోకి దించి, మెల్లగా తిప్పాడు. మాచన అరవలేదు. కానీ దవడ ఆగుతుందా. అది ఎడమ భుజం వైపు గుంజింది. అరచెయ్యి లేచి తొడను ఫెళ్లున చరిచింది. మళ్లీ చరిచింది.

"తొడ కొట్టాడు," అంది ముసలమ్మ, గుండెలు బాదుకుంటూ. "స్వామి తొడగొట్టి నిన్ను శపించాడు నాయనా. నీ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు మిగలరు."

గండమల్లు భార్య నెలలు నిండి ఉంది. ఈటె వెనక్కి వచ్చింది. అంతసేపూ వెనక్కి నెడుతున్న భటులే స్వామికి పాదం కట్టి, గొడుగు పట్టి, రాజును దీవించడానికంటూ తిన్నగా సభలోకి తీసుకుపోయారు. పుట్టినప్పట్నుంచీ నవ్వులపాలు చేసిన ఆ తొడచరుపు ఆ ఒక్కపూట ప్రాణం కాపాడింది.

ఆ సభామండపాన్ని ఏమని వర్ణించేది. పోత పోసిన కంచు నేల, అద్దంలా మెరుస్తూ, నడిచేవాళ్ల కాళ్ల కింద మరో సభను తలకిందులుగా నిలబెట్టింది. ఏనుగు తొండాలు మెలిపెట్టినట్టున్న స్తంభాలు. పైకప్పు నుంచి వేలాడే వందల కంచు చిలకలు, గాలి వీచినప్పుడల్లా ఒకేసారి తల తిప్పేవి. పడమటి గవాక్షంలోంచి జారిన ఎండ ఏటవాలుగా వచ్చి, నడుమ కట్టేసి ఉన్న తెల్లగుర్రం వీపు మీద పసుపు దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. గుర్రం మెడలో ఎర్రగన్నేరు దండ. పక్కన గొడ్డలివాడు. సింహాసనం మెట్టు మీద, కొడుకనుకున్నవాడి పక్కన, తెల్లచీరలో రాజమాత.

కాంస్యపురంలో కిరీటం పెట్టినంత మాత్రాన రాజు కాడు. కూడుమాట కావాలి. రాజూ రాజమాతా మంత్రీ సామాన్యుడూ ఒకే గొంతుతో, "కంచు సాక్షి, కోట సాక్షి, ధవళకేతు మన రాజు" అని మూడు మార్లు కలిపి పలకాలి. అది తాతలనాటి ఆచారం.

మొదటి మారు పలికారు. అందరి గొంతుల నడుమ కొత్త రాజు గొంతు "కం కం కంచు సాక్షి" అని తడబడింది. తర్వాత కన్ను కూడా మూసుకుంది. పాపం, ఈ శుభవేళ కూడా ప్రభువుకు నాలుక తిరగలేదే అని మంత్రులు కళ్లు ఒత్తుకున్నారు.

కలిపి పలికేటప్పుడు నత్తి రాదు. ఎంతటి నత్తివాడికైనా రాదు. దొంగ అతి తెలివికి పోయి రాకూడని చోట నత్తి తెచ్చుకున్నాడు. ఆ సంగతి సభలో ఇంకెవరికీ తెలియదనుకుంటూ మాచన తల తిప్పేసరికి, రాజమాత వక్రఘోణుడి ముఖంలోకి చూస్తోంది. ఆమె పెదవులు కదలడం మానేశాయి.

గుర్రాన్ని ఎత్తుకుపోదామన్న ఆలోచన మాచన అక్కడే విడిచేశాడు. రెండో మారు కూడుమాట మొదలైంది. ఇన్ని గొంతుల నీడలో తన గొంతుకు భయం లేదు. గడ్డం పక్కకు తోసి, గుండెల నిండా గాలి తీసుకుని, జనంతో పాటే ఎత్తుకున్నాడు. "కంచు సాక్షి, కోట సాక్షి, ధవళకేతు ఇతడు కాడు."

జనం మాట ముగిసినా గోడలు మాచన మాటనే పట్టుకున్నాయి. ఇతడు కాడు, ఇతడు కాడు, ఇతడు కాడు. కంచు చిలకలన్నీ అటు తిరిగాయి.

భటులు గడ్డం పీకి, మాచనను సింహాసనం ముందు మోకాళ్ల మీద పడేశారు. వక్రఘోణుడు చిరునవ్వుతో ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. ఇప్పుడు తోడు గొంతు ఒక్కటీ లేదు. మాచన "ధ" అన్నాడు, "ధ ధ" అన్నాడు, దవడ గుంజింది, చెయ్యి తొడను వాయించింది.

"ధనం కావాలంటున్నాడు," అన్నాడు మహామంత్రి.

"దక్షిణేమో. స్వామి కదా," అన్నాడు మరొకడు. ఒకరి తర్వాత ఒకరు మాచన మాటను పూర్తి చేయడానికి పోటీ పడ్డారు. ఎవరు పూర్తి చేసినా సభ నవ్వింది. మాచనకు ఈటెపోటు కంటే అది బాగా తెలిసిన నొప్పి.

రాజమాత మెట్టు దిగింది. నవ్వు ఆపండని ఆమె అనలేదు, ఆమె దిగడం చూసి నవ్వు దానంతటదే ఆగింది. ఆమె వక్రఘోణుడి వైపు తిరిగింది.

"నాయనా ధవళా, చిన్నప్పుడు సంధ్యవేళ దీపం ముందు మనమిద్దరం కలిసి స్తోత్రం చదివేవాళ్లం. అలా చదివినప్పుడు నీకు ఒక్కనాడైనా..."

ఆ మాట పూర్తి కాలేదు. వక్రఘోణుడు చిటిక వేశాడు. రాజమాత పాదాల నుంచి కంచు పాకింది, చీర కుచ్చెళ్లు గట్టిపడ్డాయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. రెండో చిటికకు సభంతా ఖంగుమంది. మహామంత్రి ముఖాన ఇంకా చెరగని, పళ్లన్నీ కనిపించే నవ్వుతో కంచయ్యాడు. గొడ్డలివాడు ఎత్తిన గొడ్డలితో కంచయ్యాడు. ఒక్క మాచనకూ గుర్రానికీ మాత్రం నెత్తురు ఆడుతోంది.

యువరాజు రూపం పాతచొక్కాలా జారిపోయింది. లోపలి మనిషికి గడ్డం దాకా వంగిన ముక్కు, ఆ ముక్కుకు బొటనవేలంత ఇనుప కడియం, చెవుల్లోంచి మొలిచిన జడలు. వాడు సింహాసనంలో కాలు మీద కాలు వేసుకుని తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు.

"నీ మీద జాలితో వదిలాననుకోకు," అన్నాడు. "మా గురువు ఒక మెలిక పెట్టి చచ్చాడు. ఈ గుర్రపు మంత్రం వేసినవాడు విరుగుడును ఒక్క ప్రాణికైనా చెప్పాలి. చెప్పకపోతే మంత్రం తిరిగి నన్నే తింటుంది. అందుకని చెప్పినా ఫలం లేనివాణ్ణి చూసి ఉంచుకున్నాను. విను. ఎండ గుర్రం వీపు దిగిపోయేలోగా దాని చెవిలో వాడి పేరు చెప్పాలి. ఒక్క ఊపిరిలో, ఎక్కడా తెగకుండా. అంతే. చంటిపిల్లాడైనా చెప్పగలడు."

మాచన కుంటుతూ గుర్రం దగ్గరికి పరిగెత్తాడు. ఎండ అప్పటికే నడుము జారి తోక వైపు పోతోంది. గుర్రాల చెవిలో ఏనాడూ తడబడలేదు గదా అన్న ధైర్యంతో మెడ కావలించుకుని నోరు తెరిచాడు. "ధ" దగ్గర తలుపు మూసుకుపోయింది. ఎందుకు మూసుకోదు. ఇది గుర్రం కాదని తనకు తెలుసు. తప్పితే ఏం పోతుందో తెలుసు. పేరుకు బదులు మరో మాట వెతుక్కునే వీలు లేదు, పేరు ఒక్కటే ఉంటుంది. దవడ గుంజింది. తొడ మీద చెయ్యి ఆగకుండా పడుతోంది. గుర్రం కూడా ఎడమకన్ను మూసి గిట్టతో నేలను తన్నింది, తన పేరు తానే చెప్పుకోబోయినట్టు.

వక్రఘోణుడు పగలబడి నవ్వాడు. కాసేపు దవడ గుంజి చూపించాడు, తొడ చరిచి చూపించాడు. అది విసుగు పుట్టాక పంతులు వేషం కట్టాడు. కంగారెందుకన్నాడు. ఊపిరి పీల్చుకోమన్నాడు. నెమ్మదిగా అనమన్నాడు. లోకంలో ప్రతివాడూ మాచనకు పుట్టినప్పట్నుంచీ ఉచితంగా ఇస్తూ వచ్చిన సలహాలే అన్నీ.

"నాతో పాటు అనరా అబ్బాయ్. ధవళకేతు."

మాచన చెయ్యి తొడ మీద ఆగిపోయింది.

రాజమాత నోట్లో కంచయిపోయిన మాట అదే. ఆ మాటను ఆమె పూర్తి చేయనిచ్చి ఉంటే వక్రఘోణుడికి తెలిసేది. వాడు చిటిక వేసి దాన్ని ఆపాడు. జనంలో కలిసి అరిచినప్పుడు ఈ నత్తివాడికి నత్తి ఎందుకు రాలేదా అని ఆలోచించే ఓపికా వాడికి లేదు. నవ్వుకోవడానికే పొద్దు చాలడం లేదు.

మాచన బిక్కముఖం పెట్టి, ఇంకొక్కసారి అన్నట్టు వేలు చూపించాడు. వక్రఘోణుడు సంతోషంతో ముందుకు వంగి, ఇంకా సాగదీసి, సభ మోగేలా అందుకున్నాడు. మాచన పెదవులు గుర్రం చెవికి ఆనించి, ఒడ్డున నిలబడ్డవాడు కదిలే పడవలోకి అడుగు పెట్టినట్టు, ఆ గొంతులోకి తన గొంతును దించాడు.

"ధవళకేతు."

రెండు గొంతులు, ఒక్క పేరు. ఎక్కడా తెగలేదు. ఎండ తోక చివర వెంట్రుక మీద ఉంది.

గుర్రం ఒళ్లు విదిలించింది. జూలు జుట్టయింది, ముందుకాళ్లు చేతులయ్యాయి, గన్నేరు దండ మెడకు పెద్దదై జారిపడింది. తోక మాత్రం వెళ్లాలా వద్దా అని కాసేపు సందేహించి, ఎండతో పాటు మాయమైంది. కంచు నేల మీద ధవళకేతుడు మోకాళ్ల మీద వణుకుతూ ఉన్నాడు.

వక్రఘోణుడి నోట్లో తాంబూలం నోట్లోనే ఉండిపోయింది. తన నోటితోనే తన మంత్రాన్ని విప్పానని తెలిసేసరికి వాడి ముక్కు కడియం ఎర్రగా కాలింది. సింహాసనం మీద ఫెడీమని తన్నాడు. సభ అడుగున పోతపోసేవాళ్ల పాత కొలిమి ఉంది. అది భగ్గుమంది. నేల వేడెక్కింది. "వీళ్లను కరిగించి గంట పోయిస్తాను. మీ అమ్మ ఆ గంటకు నాలుక," అంటూ ఇల్లంత రాబందై లేచాడు. రాజమాత విగ్రహాన్ని గోళ్లతో పట్టి, పైకప్పు చీల్చుకుని, చిలకలు వానలా రాలుతుండగా ఆకాశంలోకి పోయాడు.

గుర్రం ముందు ఎవడూ రహస్యం దాచుకోడు. శాలలో ఇన్నాళ్లూ వక్రఘోణుడు తనలో తాను అనుకున్నవన్నీ ధవళకేతుడు విన్నాడు. వాడు ఎక్కడికి పోతాడో, కంచును మళ్లీ నెత్తురు చేసేది ఎక్కడ ఉందో అతడికి తెలుసు. అది ఒక చోటు పేరు. అతడు మాచన భుజం పట్టుకుని నోరు తెరిచాడు.

ఎడమకన్ను మూసుకుపోయింది. కుడి మడమ నేలను తన్నింది. మాట రాలేదు.

పక్కన మహామంత్రి పాదం నుంచి మొదటి కంచు చుక్క జారి నేల మీద చుయ్యిమంది. పైన రాబందు పిచ్చుకంత అయింది. కొండల పేర్లు, నదుల పేర్లు, పాడుపడ్డ కోటల పేర్లు మాచన నాలుక చివరికి తోసుకువచ్చాయి. ఒక్కటి అందించి చూస్తేనో. కలిపి పలుకుదామంటే ఆ పేరు తనకు తెలియదు. మహామంత్రి ఇంకా నవ్వుతూనే కరుగుతున్నాడు.

మాచన ఏ పేరూ అందించలేదు. నెమ్మదిగా అని కూడా అనలేదు. కాళ్ల కింద నేల కాలుతుంటే, యువరాజు ముఖంలోంచి చూపు మరల్చకుండా నిలబడ్డాడు. మడమ మళ్లీ నేలను తన్నింది.